అప్పుల పద్దు రాయడమే తొలి మెట్టు
ఆదాయ వ్యయ ప్రణాళికతో రుణభారం తగ్గించుకోగల యువత

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి: చదువు ముగించుకొని కొలువులో చేరిన యువతీ యువకులకు నేడు అప్పు లభించడం కష్టమైన విషయం కాదు. చరవాణి కొనుగోలుకు వాయిదాల పద్ధతి, బ్యాంకు నుంచి క్రెడిట్ కార్డు, ఊరిలో ప్రామిసరీ నోటుపై చేబదులు, ఫోనులో నిమిషాల వ్యవధిలో సొమ్ము అందించే రుణ యాప్‌లు అందుబాటులో ఉన్నాయి. ఒక్కొక్కటిగా చూసినపుడు చిన్నవిగా కనిపించే ఈ బాకీలు మొత్తంగా ఎంత అయినవో సొంతదారునికే తెలియని పరిస్థితి పలు సందర్భాల్లో ఏర్పడుతున్నది. ఆదాయ వ్యయ ప్రణాళికను అప్పుల పట్టికతో ఆరంభించవలసిన అవసరం ఇక్కడే ఉన్నది.

2016 అక్టోబరు 11న పూర్వపు వరంగల్ జిల్లా పునర్విభజనతో ఆవిర్భవించిన ఈ మూడు జిల్లాల్లో యువత తీసుకునే వ్యక్తిగత రుణం చాలావరకు కుటుంబ రుణంపై అదనపు భారమే. జాతీయ గణాంక కార్యాలయం 2019లో నిర్వహించిన సర్వే ప్రకారం తెలంగాణలోని వ్యవసాయ కుటుంబాల్లో 91.7 శాతం అప్పులు కలిగి ఉన్నాయి. దేశవ్యాప్తంగా ఇది 50.2 శాతం. ఒక్కో వ్యవసాయ కుటుంబంపై సగటు రుణం రాష్ట్రంలో 1,52,113 రూపాయలు కాగా, దేశ సగటు 74,121 రూపాయలు. తండ్రి పంట పెట్టుబడికి చేసిన అప్పు వడ్డీని కుమారుడు తన జీతం నుంచి కడుతూ, తన ఖర్చుకు క్రెడిట్ కార్డును ఆశ్రయించడం ఇటువంటి ఇళ్లలో వింతేమీ కాదు. అందువల్ల యువకుని పద్దులో ఇంటి బాకీకి కూడా ఒక గడి ఉండి తీరాలి. నగరవాసులను దృష్టిలో ఉంచుకొని తయారైన నమూనాల్లో ఈ గడి సాధారణంగా కనిపించదు.

పట్టికలో ప్రతి అప్పుకు ఎవరికి బాకీ, అసలు ఎంత, వడ్డీ రేటు ఎంత, నెలసరి వాయిదా ఎంత, ఎప్పటికి తీరుతుంది అనే వివరాలు నమోదు కావాలి. వీటిలో కీలకమైనది వడ్డీ రేటు. ఊరిలో వడ్డీని ‘నూటికి ఇన్ని రూపాయలు’ అని నెల లెక్కన చెబుతారు. బ్యాంకులు ఏడాది లెక్కన శాతాల్లో చెబుతాయి. క్రెడిట్ కార్డు సంస్థలు నెలసరి శాతాన్ని ముందు చూపుతాయి. అన్నింటినీ ఏడాది లెక్కకు మార్చినపుడే ఏది భారమో తేలుతుంది. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే సాలుకు 24 శాతం, మూడు రూపాయలంటే 36 శాతం. కార్డుపై నెలకు 3.5 శాతం అంటే సాలుకు 42 శాతం. బజారులో ‘గిరిగిరి’ పేరిట సాగే రోజువారీ వసూళ్లలో ఈ తేడా మరింత మరుగున పడుతుంది. 10,000 రూపాయల అప్పుకు ముందుగానే 1,000 పట్టుకొని 9,000 చేతికిచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తే, చూపుకు అది పది శాతమే. దినదినం తగ్గే అసలును లెక్కలోకి తీసుకుంటే సాలుకు 75 శాతం దాటుతుంది.

నెలకు 18,000 రూపాయలు చేతికందే ఒక ప్రైవేటు ఉద్యోగిని నమూనాగా తీసుకోవచ్చు. జనగామలో తల్లిదండ్రుల వద్ద నివసిస్తూ రైలులో హైదరాబాద్ వెళ్లి వచ్చే ఉద్యోగి అనుకుందాం. ఊరి వ్యాపారికి మూడు రూపాయల వడ్డీపై 40,000, క్రెడిట్ కార్డుపై 25,000, చరవాణికి నెలకు 1,500 చొప్పున ఇంకా ఎనిమిది వాయిదాలు బాకీ. మొత్తం 77,000 రూపాయలు. వ్యాపారికి, కార్డుకు కలిపి నెలకు వడ్డీయే 2,075 రూపాయలు. ఇంటికి ఇచ్చేది, ప్రయాణం, భోజనం, ఫోను, ఇతర ఖర్చులు కలిపి 11,500 రూపాయలకు పరిమితం చేయగలిగితే 6,500 మిగులుతుంది. చరవాణి వాయిదా, వ్యాపారి వడ్డీ పోగా 3,800 రూపాయలను ప్రతి నెలా కార్డుకు జమ చేస్తే ఎనిమిదో నెలలో కార్డు బాకీ తీరుతుంది. అదే నెలలో చరవాణి వాయిదాలూ ముగుస్తాయి. ఆపైన మొత్తం 6,500 రూపాయలనూ వ్యాపారి బాకీకి మళ్లిస్తే మరో ఏడు నెలల్లో అదీ తీరుతుంది. వెరసి 15 నెలలు.

ఇదే ఉద్యోగి కార్డు బిల్లులో చూపే కనీస మొత్తాన్ని, అనగా బాకీలో 5 శాతాన్ని మాత్రమే చెల్లిస్తూ పోతే, 15 నెలల తరువాత కూడా సుమారు 20,000 రూపాయల బాకీ మిగిలే ఉంటుంది. జి.ఎస్.టి., ఇతర రుసుములను ఈ లెక్కలో కలపలేదు. కట్టిన ప్రతి 5 రూపాయల్లో మూడున్నర వడ్డీకే పోవడం ఇందుకు కారణం. పాత బాకీ నిలిచి ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు కూడా వర్తించదు. కనుక బాకీ తీరేవరకు కార్డు వాడకం నిలిపివేయాలి. ఆ నిర్ణయం లేకుంటే ఎంత చక్కని పద్దు అయినా నిష్ఫలమే. అధిక వడ్డీ అప్పును ముందు తీర్చడం లెక్కకు లాభదాయకం. అయితే చిన్న బాకీని ముందుగా వదిలించుకొంటే ఉత్సాహం కలుగుతుందని భావించేవారు ఆ మార్గాన్ని అనుసరించినా నష్టం స్వల్పమే.

వ్యాపారి బాకీ విషయంలో ఒక జాగ్రత్త అవసరం. అసలును కొద్దికొద్దిగా స్వీకరించడానికి కొందరు అంగీకరించరు. అటువంటి సందర్భాల్లో ఆ సొమ్మును బ్యాంకులో రికరింగ్ డిపాజిట్‌గా కూడబెట్టి ఒకేసారి చెల్లించవచ్చు. చెల్లించిన ప్రతిసారీ ప్రామిసరీ నోటు వెనుక తేదీతో చెల్లు వేయించుకోవాలి. పూర్తిగా తీరిన రోజున నోటును వెనుకకు తీసుకోవాలి. ఖాళీ నోటుపై, ఖాళీ చెక్కుపై సంతకం చేయరాదు. మిత్రునికి జమానతు ఉన్న అప్పును కూడా పట్టికలో చేర్చడం ఉచితం. ఆ మిత్రుడు వాయిదా తప్పితే భారం జమానతుదారునిపై పడుతుంది.

నెల జీతం లేనివారి సంగతి వేరు. మహబూబాబాద్ జిల్లాలో మిర్చి, పత్తి సాగు చేసే కుటుంబాలకు, తండాల్లోని యువ రైతులకు ఆదాయం ఏడాదిలో రెండు మూడు నెలల్లోనే వస్తుంది. పత్తి తీత అక్టోబరు నుంచి మొదలైతే, మిర్చి వేసవి ఆరంభంలో మార్కెట్లకు చేరుతుంది. ఖర్చు మాత్రం విత్తనాల నాటి నుంచే ఉంటుంది. వీరికి నెలసరి పట్టిక కన్నా పంట కాలాన్ని బట్టి రాసిన ఏడాది పట్టిక మేలు. పంట సొమ్ము చేతికి వచ్చిన వారంలోనే తరువాతి సీజను పెట్టుబడి, ఇంటి తిండి, బాకీ చెల్లింపు అని మూడు భాగాలుగా విడదీసి ఖాతాలో ఉంచడం ముఖ్యం. పెట్టుబడి వాటాను వేరు చేయకుండా మొత్తం సొమ్ముతో పాత బాకీ తీర్చినవారు వానాకాలంలో తిరిగి అడ్తిదారు వద్దకే వెళ్లవలసి వస్తుంది. బాకీ తీరినట్టు కనిపించి ఆరు నెలలకే మొదటికి రావడానికి సాధారణంగా ఇదే కారణం.

సింగరేణి గనులు, చెల్పూరు వద్ద కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం గల భూపాలపల్లిలో పరిస్థితి మరొక విధంగా ఉన్నది. సింగరేణి శాశ్వత కార్మికులకు దసరా నాటికి లాభాల వాటా, దీపావళికి బోనసు అందడం ఆనవాయితీ. 2024లో తొలిసారిగా కాంట్రాక్టు కార్మికులకు కూడా 5,000 రూపాయల చొప్పున ప్రకటించారు. కాంట్రాక్టు కార్మికుల నెల ఆదాయం హాజరును, ఓవర్‌టైమును బట్టి మారుతుంది. గడచిన ఆరు నెలల్లో అతి తక్కువ వచ్చిన నెలను ఆధారంగా తీసుకొని వీరు పద్దు రాసుకోవడం శ్రేయస్కరం. ఆపై వచ్చినదంతా మిగులుగా లెక్కించవచ్చు. పండుగ బోనసులో కొంత బట్టలకు, పిండివంటలకు పోక తప్పదు. ఆ మొత్తాన్ని కూడా ముందుగానే పద్దులో రాసుకొంటే మిగిలినది బాకీకి చేరుతుంది.

పద్దు పుస్తకం రాయడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత రుణం, తిరిగి చెల్లింపు, పుస్తకాల నిర్వహణ అనే పంచసూత్రాలను గ్రామాల్లోని మహిళా స్వయం సహాయక సంఘాలు దశాబ్దాలుగా పాటిస్తున్నాయి. తల్లి సంఘంలో రాసే పుస్తకాన్ని చూసి కుమారుడు, కుమార్తె తమ పద్దును నేర్చుకోవచ్చు. సంఘానికి లభించే బ్యాంకు లింకేజీ రుణం, 2011లో ఏర్పడిన స్త్రీనిధి రుణం ప్రైవేటు వడ్డీ కన్నా ఎంతో చౌక. అయితే కుమారుని కార్డు బాకీ తీర్చేందుకు తల్లి పేరిట రుణం తీసుకొనే ముందు ఆ వాయిదాలు ఎవరు కడతారో ఇంట్లో స్పష్టంగా మాట్లాడుకోవాలి. వాయిదా తప్పితే ఇబ్బంది పడేది సంఘం మొత్తం.

లెక్క రాయడానికి ప్రత్యేక పరికరం అవసరం లేదు. భారతీయ రిజర్వు బ్యాంకు 2013 జనవరి 31న, తెలుగువారైన శ్రీ దువ్వూరి సుబ్బారావు గవర్నరుగా ఉన్న కాలంలో, ఆర్థిక అక్షరాస్యత మార్గదర్శినితో పాటు ఆదాయ వ్యయాల నమోదుకు ఒక ఆర్థిక డైరీని విడుదల చేసింది. నలభై పుటల నోటు పుస్తకం అయినా సరిపోతుంది. తన పేరిట ఏయే రుణాలు నమోదై ఉన్నాయో తెలుసుకొనేందుకు ప్రతి క్రెడిట్ సమాచార సంస్థ నుంచి ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా పొందవచ్చు. మరచిన బాకీలు, తనకు తెలియకుండా నమోదైన రుణాలు అందులో బయటపడతాయి.

రుణ యాప్‌ల వ్యవహారం మాత్రం పద్దుతో తీరేది కాదు. 2020 డిసెంబరులో వేధింపులు తాళలేక పలువురు ప్రాణాలు తీసుకున్న ఘటనలు తెలంగాణను కలచివేశాయి. పోలీసులు కేసులు నమోదు చేసి అరెస్టులు జరిపారు. అదే నెల 23న రిజర్వు బ్యాంకు ప్రజలను హెచ్చరిస్తూ ప్రకటన జారీ చేసింది. 2022 సెప్టెంబరులో వెలువడిన మార్గదర్శకాల ప్రకారం రుణం నియంత్రిత సంస్థ ఖాతా నుంచి నేరుగా రుణగ్రహీత ఖాతాకే చేరాలి. ఫోనులోని పరిచయస్తుల జాబితా, ఛాయాచిత్రాలు, కాల్ వివరాల జోలికి యాప్ వెళ్లరాదు. మొత్తం ఖర్చును ఏడాది శాతంగా చూపే ముఖ్య వివరాల పత్రం ముందుగా ఇవ్వాలి. నియంత్రిత సంస్థలు వినియోగించే యాప్‌ల జాబితా 2025 జూలై నుంచి రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులో అందుబాటులోకి వచ్చింది. జాబితాలో లేని యాప్ నుంచి అప్పు తీసుకోకపోవడమే క్షేమం.

సూక్ష్మ రుణాల నిబంధనల విషయంలో క్షేత్రస్థాయిలో కొంత అయోమయం నెలకొని ఉన్నది. ఉమ్మడి రాష్ట్రంలో 2010 అక్టోబరులో ఆర్డినెన్సుగా వచ్చి ఆపై చట్టమైన సూక్ష్మ రుణ సంస్థల నియంత్రణ చట్టం, రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన బ్యాంకింగేతర ఆర్థిక సంస్థలకు వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు తీర్పునిచ్చింది. ఆ సంస్థలకు రిజర్వు బ్యాంకు 2022 నిబంధనలు వర్తిస్తాయి. వాటి ప్రకారం ఏడాదికి 3 లక్షల రూపాయల వరకు ఆదాయం గల కుటుంబానికి హామీ లేకుండా ఇచ్చే రుణం సూక్ష్మ రుణం. అన్ని అప్పుల నెలసరి వాయిదాలు కలిపి కుటుంబ నెలసరి ఆదాయంలో 50 శాతం మించరాదు. గడువుకు ముందే తీర్చితే జరిమానా ఉండదు. వసూలుకు ఉదయం 9 గంటలకు ముందు, సాయంత్రం 6 గంటల తరువాత ఫోను చేయరాదు. రుణగ్రహీత వద్ద పద్దు పుస్తకం ఉంటే ఆ 50 శాతం పరిమితి దాటినదీ లేనిదీ అధికారులకు, సంస్థకు అక్కడికక్కడే చూపగలడు.

వాయిదాలు కట్టలేని స్థితి ఏర్పడినపుడు ఫోను కట్టివేయడం కన్నా బ్యాంకుకు లిఖితపూర్వకంగా తెలిపి గడువు పొడిగింపు కోరడం మంచిది. నియంత్రిత సంస్థకు చేసిన ఫిర్యాదుపై 30 రోజుల్లో సమాధానం రాకున్నా, వచ్చినది సంతృప్తికరంగా లేకున్నా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆన్‌లైనులో ఉచితంగా ఆశ్రయించవచ్చు. అనుమతి లేని సంస్థలపై ‘సచేత్’ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. యాప్ నిర్వాహకులు బెదిరించినా, ఛాయాచిత్రాలను మార్చి పంపినా సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కి ఫోను చేసి, సమీప పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇవ్వాలి. బెదిరింపు సందేశాలను, చెల్లింపు రసీదులను చెరిపివేయకుండా భద్రపరచాలి. పద్దు రాయడంలో సహాయం కోరేవారు తమ జిల్లా లీడ్ బ్యాంకు మేనేజరును గానీ, ఆర్థిక అక్షరాస్యత కేంద్రాన్ని గానీ సంప్రదించవచ్చు.