ఇంటి భాషే ఆమె పెట్టుబడి

మెక్సికో నగరంలో 1961లో పుట్టిన మరియా ఇనొహోసా అమెరికాకు వచ్చింది తల్లి చంకలో, చంటిబిడ్డగా. విమానాశ్రయంలో అధికారి ఒకరు బిడ్డ ఒంటిమీది దద్దుర్లు చూసి, విడిగా ఉంచాలన్నాడట. తల్లి గొంతెత్తి వాదించి, బిడ్డను దక్కించుకున్నది.

తండ్రి షికాగోలో వైద్య పరిశోధకులు. ఇంట్లో స్పానిష్, వీధిలో ఇంగ్లీషు. న్యూయార్కులో బార్నార్డ్ కళాశాలలో చదువుతూ, విద్యార్థుల రేడియోలో లాటిన్ అమెరికా వారి కార్యక్రమం నడిపారు. తరువాత నేషనల్ పబ్లిక్ రేడియోలో చిన్న ఉద్యోగంలో చేరి విలేఖరి అయినారు. 1993లో మొదలైన "లాటినో యు.ఎస్.ఏ."కు వ్యాఖ్యాత అయి, వలస వచ్చినవారి కష్టసుఖాలను వారి నోటనే దేశానికి వినిపించారు. స్పానిష్ తెలియబట్టే వారు ఆమెవద్ద మనసు విప్పగలిగారు. 2010లో ఫ్యూచురో మీడియా అనే సొంత సంస్థ పెట్టారు. చిన్నతనంలోనే యావజ్జీవ శిక్షపడిన ఒకరి కథ "స్వావే"కు 2022లో పులిట్జర్ బహుమతి వచ్చింది.

బెంగుళూరులో మా అబ్బాయి ఒకనాడు, "స్నేహితుల ముందర తెలుగులో పిలవొద్దు నాన్నా" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. ఈమె కథ తెలిసిన తరువాత, ఊరుకున్నందుకు సిగ్గుపడ్డాను. రెండు భాషలు తెలిసినవాడు రెండు వీధులవారికీ కావలసినవాడే గదా! ఆ మాట వాడికి ఇప్పుడు చెబుతున్నాను, తెలుగులోనే.