చెక్కలా కనిపించే నేల: లామినేట్ పలక కథ

లామినేట్ ఫ్లోరింగ్‌ను 1977లో స్వీడన్‌లోని పెర్‌స్టార్ప్ సంస్థ రూపొందించింది. బల్లల మీద, వంటింటి గట్ల మీద అంటించే లామినేట్ షీట్ల తయారీలో ఆ సంస్థది దశాబ్దాల అనుభవం. ఆ పైపొరను మరింత గట్టిపరిచి కాళ్ల కిందికి తెచ్చింది. పెర్గో అన్న పేరుతో ఈ పలక 1980లలో యూరప్ ఇళ్లలోకి, 1994లో అమెరికాకు చేరింది. మొదట్లో పలకల అంచులను జిగురుతో అతికించేవారు. 1990ల రెండో సగంలో స్వీడన్‌కు చెందిన వాలింగె, బెల్జియంకు చెందిన యూనిలిన్ ఒక పలక అంచును పక్క పలక గాడిలోకి నొక్కి బిగించే పద్ధతులు తెచ్చాయి. దాంతో అంచులకు జిగురు అవసరం తప్పింది.

పలక లోపలి జిగురు మాత్రం అలాగే ఉంది. పైన కనిపించే టేకు, ఓక్ గీతలు కాగితం మీద అచ్చు వేసిన బొమ్మ. దాని మీద మెలమిన్ రెజిన్‌లో అల్యూమినియం ఆక్సైడ్ రేణువులు కలిపిన పారదర్శకమైన పొర, అడుగున పలక వంగిపోకుండా ఆపే మరో పొర ఉంటాయి. మధ్యలోని మందమైన భాగం హెచ్‌డీఎఫ్: కలపను నారగా విడదీసి, రెజిన్ కలిపి, వేడితో అదిమి చేసిన అట్ట. పలకలో అత్యధిక భాగం ఇదే.

పర్యావరణం దృష్టితో పరిశీలించవలసింది ఈ అట్టనే. దీనిలో సాధారణంగా వాడేది యూరియా ఫార్మాల్డిహైడ్ రెజిన్. చవకైనది, త్వరగా గట్టిపడుతుంది. అయితే వేడికి, తేమకు కొద్దికొద్దిగా విడిపోయి ఫార్మాల్డిహైడ్ వాయువును వదులుతుంది. ఉక్కపోత ఎక్కువగా ఉండే కోస్తా ఊళ్లలో ఈ సంగతిని తేలిగ్గా తీసుకోకూడదు. ఈ వాయువు కళ్లను, గొంతును మండిస్తుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కారకంగా వర్గీకరించింది. యూరప్‌లోని ఈ1 తరగతి ప్రకారం పరీక్ష గదిలోని ఘనపు మీటరు గాలిలో ఇది 0.124 మిల్లీగ్రాములు మించకూడదు. కాలిఫోర్నియా వాయు వనరుల బోర్డు మరింత కఠినమైన హద్దులు పెట్టింది. అమెరికా 2010లో చేసిన చట్టం ఆ హద్దులనే దేశమంతటికీ వర్తింపజేసింది. ఫార్మాల్డిహైడ్ కలపని ఐసోసయనేట్ రెజిన్లతో చేసిన అట్టలూ ఉన్నాయి. ధర ఎక్కువైనా పడక గదికి అవే మేలు.

కొనేటప్పుడు కనిపించే ముద్రలన్నీ ఒకటే చెప్పవు. 1993లో మొదలైన ఎఫ్‌ఎస్‌సీ, 1999లో మొదలైన పీఈఎఫ్‌సీ ముద్రలు కలప ఎలాంటి అడవి నుంచి వచ్చిందో చెబుతాయి. గది గాలి గురించి అవి మాట్లాడవు. గ్రీన్‌గార్డ్, ఫ్లోర్‌స్కోర్ ముద్రలు పలక వదిలే వాయువులను పరీక్షించి ఇచ్చేవి. చెట్టు ఎక్కడిదో వాటికి అక్కర్లేదు. జర్మనీ ప్రభుత్వం 1978లో ప్రారంభించిన బ్లూ ఏంజెల్ రెంటినీ చూస్తుంది. హైదరాబాద్‌లోని సీఐఐ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఇచ్చే గ్రీన్‌ప్రో ముద్ర వస్తువు జీవితకాలం మొత్తాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. డబ్బా మీద 'ఎకో', 'గ్రీన్' అన్న మాటలు మాత్రమే ఉంటే అవి ప్రమాణాలు కావు. ధ్రువపత్రం సంఖ్యను అడిగి, ఇచ్చిన సంస్థ జాబితాలో సరిచూసుకోవాలి.

హెచ్‌డీఎఫ్‌కు పెద్ద మాను అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ రైతులు పొలాల్లో పెంచే జామాయిల్, సుబాబుల్, సరుగుడు లాంటి త్వరగా పెరిగే కలప సరిపోతుంది. శ్రీకాళహస్తి దగ్గర, అచ్యుతాపురం దగ్గర ఇదే కోవకు చెందిన ఎండీఎఫ్ కర్మాగారాలు ఉన్నాయి. సహజమైన అడవిని ముట్టుకోకుండా నేల వేసుకునే వీలు ఇక్కడే ఉంది.

మన్నిక కూడా పర్యావరణ లక్షణమే. అరుగుదలను తట్టుకునే శక్తిని ఏసీ1 మొదలుగా అంకెలతో సూచిస్తారు. ఇంటికి ఏసీ3 లేదా ఏసీ4 చాలు. అసలు చెక్కలా దీన్ని చిత్రిక పట్టి మళ్లీ కొత్తగా చేయలేరు. అంచుల్లో నీరు నిలిస్తే అట్ట ఉబ్బుతుంది, కనుక గుడ్డను గట్టిగా పిండి తుడవాలి. పాడయ్యాక కాగితాన్ని, రెజిన్‌ను, నారను విడదీయడం కష్టం; గట్టిపడిన మెలమిన్ మళ్లీ కరగదు. ఇలాంటి పలకలను పెరట్లో తగలబెడితే విషవాయువులు వెలువడతాయి. గాడిలో బిగించిన పలకలైతే ఊడదీసి మరో గదిలో మళ్లీ పరచుకోవచ్చు.