టెర్రియర్ కుక్కలకు పలకరింపు శిక్షణ

పలకరింపు శిక్షణ అనగా ఇంటికి వచ్చినవారి మీదికి, దారిలో ఎదురైనవారి మీదికి ఎగిరి దూకకుండా, నాలుగు కాళ్ళూ నేలపై ఉంచి గానీ, కూర్చొని గానీ మనుషులను పలకరించడం కుక్కకు నేర్పే విధానం. శునక శిక్షణలోని ప్రాథమిక పాఠాలలో ఇది ఒకటి. అన్ని జాతుల కుక్కలకూ ఇది అవసరమే అయినప్పటికీ, టెర్రియర్ వంటి పొట్టి జాతుల విషయంలో దీనిని తరచుగా నిర్లక్ష్యం చేస్తుంటారు. పెద్ద కుక్క మీదికి దూకితే అందరూ భయపడతారు కనుక యజమాని వెంటనే మాన్పించే ప్రయత్నం చేస్తాడు. చిన్న కుక్క దూకితే ముద్దుగా ఉందని నవ్వి ఊరుకుంటారు. ఆ నవ్వే దాని అలవాటును స్థిరపరుస్తుంది.

టెర్రియర్ల స్వభావం

టెర్రియర్ అనే పేరుకు మూలం భూమి అనే అర్థం గల లాటిన్ పదం 'టెర్రా'. నక్కలు, ఎలుకలు మొదలైనవాటిని బొరియల వరకు తరిమి, బయటికి వెళ్ళగొట్టడానికి బ్రిటన్‌లో ఈ కుక్కలను పెంచేవారు. వీటిలో ప్రసిద్ధమైన జాక్ రస్సెల్ టెర్రియర్‌కు, ఇంగ్లాండులోని డెవాన్ ప్రాంతానికి చెందిన క్రైస్తవ మతగురువు జాన్ రస్సెల్ (1795-1883) పేరు మీదుగా ఆ పేరు వచ్చింది. ఆయన ఆక్స్‌ఫర్డులో చదువుకొనే రోజులలో, 1819లో, ఒక పాలవాని వద్ద 'ట్రంప్' అనే ఆడకుక్కను కొన్నాడనీ, ఈ జాతికి అదే మూలమనీ చెబుతారు. ఈ కుక్క ఎత్తు 25 నుండి 30 సెంటీమీటర్లు, బరువు సుమారు 5-6 కిలోలు ఉంటుంది.

బొరియలో జంతువు ఎదురుతిరిగినా వెనుదీయని పట్టుదల, మనిషి ఆజ్ఞ కోసం ఆగకుండా సొంతంగా వ్యవహరించే గుణం వేటలో ఈ కుక్కలకు అవసరమయ్యాయి. అందువలన కసిరినంత మాత్రాన ఇవి ఒక పనిని మానుకోవు. అయితే ఏ పనికి ఏ ఫలితం దక్కుతుందో మాత్రం చాలా త్వరగా గ్రహిస్తాయి. శిక్షణకు ఈ గుణమే ఆధారం.

దూకడానికి కారణాలు

కుక్కపిల్లలు తల్లి మూతిని నాకుతూ ఆహారాన్ని, ఆదరణను కోరుతాయి. పెద్దయిన తరువాత కూడా ముఖం దగ్గరకు చేరి నాకడం పలకరింపుగా మిగిలిపోతుంది. నిలబడిన మనిషి ముఖం పొట్టి కుక్కకు అందనంత ఎత్తులో ఉంటుంది కనుక అది ఎగురుతుంది. కనుక దూకడాన్ని తలపొగరుగా గానీ, యజమానిపై పెత్తనంగా గానీ భావించరాదు.

ఈ అలవాటు కొనసాగడానికి కారణం మాత్రం మనుషులే. ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1898లో ప్రచురించిన ప్రయోగాలలో, సంతృప్తినిచ్చే ఫలితం లభించిన ప్రవర్తనను జంతువులు మళ్ళీ మళ్ళీ చేస్తాయని గమనించాడు. ఉపాధ్యాయ శిక్షణలో దీనినే ఫలిత నియమంగా చదువుకుంటారు. తరువాత బి.ఎఫ్. స్కిన్నర్ దీనిని విస్తరించి, ప్రవర్తనను బలపరిచే ఫలితాన్ని పునర్బలనం అన్నాడు. కుక్కకు మనిషి దృష్టే గొప్ప బహుమతి. ఎత్తుకోవడం, నవ్వడం మాత్రమే కాక "వద్దు, దిగు" అని అరవడం, చేతులతో నెట్టడం కూడా పునర్బలనమే కావచ్చును. నెట్టడాన్ని అది ఆటగా తీసుకుంటుంది.

పునర్బలనం ప్రతిసారీ కాక అప్పుడప్పుడు మాత్రమే లభించినప్పుడు అలవాటు మరింత మొండిగా మారుతుందని కూడా ప్రయోగాలలో తేలింది. ఇంట్లో నలుగురు కుక్క దూకుడును పట్టించుకోకుండా ఉన్నా, ఐదవవారు రోజూ ఒకసారి ఎత్తుకొని ముద్దాడితే శిక్షణ ఫలించకపోవడానికి ఇదే కారణం.

శిక్షణ విధానం

ఈ శిక్షణను ఎటువంటి సందడి లేని గదిలో, కుటుంబ సభ్యులతోనే ప్రారంభించాలి. ఒక్కొక్క పాఠం రెండు మూడు నిమిషాలకు మించరాదు. రోజుకు మూడు నాలుగు పాఠాలు చెప్పవచ్చును. ఉడికించిన కోడిమాంసం, పనీరు వంటివాటిని సగం బఠాణీ గింజంత ముక్కలుగా చేసి బహుమతిగా ఉపయోగించాలి. ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్, ఉల్లి కుక్కలకు విషతుల్యాలు కనుక పెట్టరాదు.

1. కుక్క నాలుగు కాళ్ళూ నేలపై ఉన్న క్షణంలోనే "శభాష్" అని ముక్కను ఇవ్వాలి. ముక్కను దాని ముక్కు ఎత్తులో లేదా నేలపై పెట్టాలి. పైనుండి అందిస్తే పొట్టి కుక్క దానికోసమే ఎగురుతుంది.

2. "కూర్చో" అన్న మాటను విడిగా నేర్పాలి. కూర్చున్న కుక్క అదే సమయంలో దూకలేదు. కనుక దూకవద్దని చెప్పడం కంటే ఏమి చేయాలో చెప్పడం సులువు.

3. కుక్కను పట్టెడ తాడుతో ఒకచోట కట్టి, మరొకరు నెమ్మదిగా దాని వైపు నడవాలి. అది ఎగిరితే మాట్లాడకుండా ఒక అడుగు వెనక్కు వేయాలి. నేలపై నిలిచినా, కూర్చున్నా ముందుకు రావాలి. మనిషి దగ్గరకు రావడమే ఇక్కడ బహుమతి.

4. దగ్గరకు వచ్చినవారు పైనుండి వంగి తల మీద చేయి వేయరాదు. పక్కకు తిరిగి గొంతుకూర్చొని, గడ్డం కింద లేదా ఛాతీపై నిమరాలి. ముఖం కిందికి వచ్చినందున ఎగరవలసిన అవసరమూ తగ్గుతుంది.

5. ఇది కుదిరిన తరువాత గుమ్మం వద్ద అభ్యసించాలి. ఇంటివారే బయటకు వెళ్ళి గంట మోగించి లోపలికి రావాలి. తరువాత తెలిసిన మిత్రులను, చివరగా కొత్తవారిని పిలవాలి.

శిక్షణ పూర్తి కాకముందే అతిథులు వస్తే కుక్కను తాడుతో పట్టుకోవడమో, వేరొక గదిలో ఉంచడమో మేలు. దూకే అవకాశం దొరికిన ప్రతిసారీ పాత అలవాటుకు అభ్యాసం లభిస్తుంది.

ఎదురయ్యే ఇబ్బందులు

పట్టించుకోవడం మానిన కొత్తలో కుక్క తగ్గడానికి బదులు మరింత ఎత్తుకు, మరింత గట్టిగా దూకవచ్చు. ఆరిపోయే దీపానికి వెలుగెక్కువ అన్నట్లు, ఇది అలవాటు సడలుతున్నదనడానికి గుర్తు. చాలామంది ఈ దశలోనే విసిగి లొంగిపోతారు. అప్పుడు కుక్క నేర్చుకునేది ఇంకా గట్టిగా దూకాలనే.

మోకాలితో ఛాతీపై కొట్టడం, వెనుక కాళ్ళను తొక్కడం వంటి పద్ధతులు పూర్వం వాడుకలో ఉండేవి. 5-6 కిలోల కుక్కకు వీటివలన గాయం కావచ్చును. అంతేకాక అతిథి వచ్చినప్పుడల్లా నొప్పి కలిగితే కుక్క అతిథులకే భయపడుతుంది, ఆ భయం గుర్రుమనడానికి, కరవడానికి దారి తీయవచ్చును. అమెరికాలోని పశువైద్య ప్రవర్తనా శాస్త్ర సంఘం 2021లో వెలువరించిన ప్రకటనలో బహుమతులపై ఆధారపడిన పద్ధతులనే సూచించింది.

ప్రాముఖ్యత

కాళ్ళ మధ్యకు వచ్చే పొట్టి కుక్క పైనుండి చూసేవారికి కనబడదు. వృద్ధులు తడబడి పడితే ఎముకలు విరగవచ్చు. చిన్నపిల్లలకు గోళ్ళు గీరుకుంటాయి. రేబీస్ ఉన్న మన దేశంలో కుక్క గోటిగీరును కూడా తేలికగా తీసుకోరాదు. వెంటనే సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడిగి వైద్యుని సంప్రదించాలి.

నష్టం కుక్కకూ ఉన్నది. దూకే కుక్కను బంధువులు వచ్చినప్పుడల్లా బాల్కనీలో కట్టివేస్తారు. మనుషులతో పరిచయం తగ్గినకొద్దీ, కనబడిన మనిషిని చూసి అది మరింత ఉద్రేకపడుతుంది. దానితో మళ్ళీ కట్టివేస్తారు. మర్యాదగా పలకరించడం నేర్చిన కుక్క నలుగురి మధ్య తిరగగలుగుతుంది. అమెరికన్ కెన్నెల్ క్లబ్ 1989లో ప్రారంభించిన 'కెనైన్ గుడ్ సిటిజన్' పరీక్షలోని పది అంశాలలో, స్నేహపూర్వకమైన అపరిచితుని అంగీకరించడం, నిమిరించుకొనేటప్పుడు మర్యాదగా కూర్చోవడం మొదటి రెండు.

జాగ్రత్తలు

పలకరించడానికి ఇష్టపడని కుక్కను బలవంతం చేయరాదు. తోక ముడుచుకొని, ముఖం తిప్పుకొని వెనక్కు తగ్గే కుక్కను దాని దారిన పోనివ్వాలి. అదే విధంగా కుక్కలంటే భయపడే అతిథిని "ఏమీ అనదు" అంటూ ఒప్పించడానికి ప్రయత్నించరాదు. అటువంటివారు ఇంట ఉన్నంతసేపు కుక్కను వేరొక గదిలో ఉంచడం ఉత్తమం. ఈ విధానం పొమేరియన్, పగ్ మొదలైన ఇతర పొట్టి జాతులకు కూడా వర్తిస్తుంది.