దండెత్తడం వేరు, కలుపుకోవడం వేరు



ప్రపంచంలో ఎక్కడ యుద్ధం మొదలైనా మన టీకొట్ల దగ్గర రెండు పక్షాలు తయారవుతాయి. రష్యా దురాక్రమణ చేసిందని ఒకరంటే, అమెరికా మాత్రం తక్కువ తిన్నదా అని ఇంకొకరంటారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కాని ఈ వాదులాటలో రెండు వేరు వేరు పనుల్ని ఒకే గాటన కట్టేస్తున్నాం.

పొరుగు దేశం మీదికి సైన్యాన్ని పంపడం దండయాత్ర. ఆ నేలను తన దేశంలో కలిపేసుకోవడం విలీనం. దండెత్తిన సైన్యం ఏదో ఒకనాడు తిరిగి పోవచ్చు. కలిపేసుకుంటే మాత్రం దేశం పేరే పటంలోంచి పోతుంది. ఆపైన ఎవరడిగినా "ఇది మా ఇంటి వ్యవహారం" అనే జవాబు వస్తుంది. పటం మీద గీత మారితే బడి భాష, కచేరీ భాష ఏమవుతాయో సరిహద్దులో ఉన్న మీకు నేను చెప్పనక్కరలేదు. మనది ఒకే దేశంలో చట్టసభ గీసిన గీత. పరాయి సైన్యం అండతో గీసిన గీతలు రెండు చూద్దాం.

పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి ఒకప్పుడు స్వతంత్ర రాజ్యం. చెరకు తోటల వ్యాపారంతో అక్కడ అమెరికన్ సంతతి వారి పలుకుబడి పెరిగింది. 1893 జనవరిలో అమెరికా యుద్ధనౌక నుంచి సుమారు 160 మంది సైనికులు హొనొలులులో దిగారు. ఆ అండ చూసుకుని వ్యాపారుల బృందం మర్నాడే రాణి లిలియుఒకలానీని గద్దె దింపింది. ఆ ఏడాది అధ్యక్షుడైన క్లీవ్‌లాండ్ ఇది అన్యాయమని అమెరికా కాంగ్రెసుకు స్వయంగా రాశాడు. 1897లో విలీనం వద్దని 21 వేల మందికి పైగా స్థానికులు సంతకాలు పెట్టారు. అక్కడి స్థానిక జనాభాలో అది సగానికి పైమాటే. ఒప్పందానికి సెనేట్‌లో కావలసిన మూడింట రెండు వంతుల బలం దొరకలేదు. అప్పుడేం చేశారు? మామూలు మెజారిటీ చాలే ఉమ్మడి తీర్మానం అనే దారి వెతికి, 1898లో పని కానిచ్చేశారు!

ఇక రెండోది. 1939 ఆగస్టు 23న హిట్లర్, స్టాలిన్ ప్రభుత్వాలు ఒప్పందం చేసుకుని, రహస్యంగా తూర్పు యూరప్‌ను పంచుకున్నాయి. ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియాల్లో సోవియట్ సైన్యం ముందు స్థావరాలు అడిగింది. 1940 జూన్‌లో దేశమంతటా దిగింది. జూలైలో ఎన్నికలు జరిగాయి, కాని పోటీకి అనుమతి ఒక్క జాబితాకే. అలా గెలిచిన సభలే మమ్మల్ని కలుపుకోండని మాస్కోను కోరాయి. ఆగస్టుకల్లా మూడూ సోవియట్ రిపబ్లిక్కులైపోయాయి. ఈ విలీనాన్ని ఒప్పుకోబోమని ప్రకటించినవాళ్లలో అమెరికా ఒకటి. హవాయి అప్పటికి 42 ఏళ్లుగా దాని చేతిలోనే ఉంది.

రెండో ప్రపంచ యుద్ధం సర్దుబాట్లు ముగిశాక ఇద్దరి పద్ధతీ కొంత మారింది. హంగరీ 1956, చెకొస్లొవేకియా 1968, అఫ్ఘానిస్తాన్ 1979 సోవియట్ లెక్క. గ్రెనడా 1983, పనామా 1989, ఇరాక్ 2003 అమెరికా లెక్క. పాలకుల్ని మార్చారు గాని పటాన్ని మార్చలేదు. అఫ్ఘానిస్తాన్ నుంచి విదేశీ సైన్యం వెళ్లిపోవాలని 1980లో ఐక్యరాజ్యసమితిలో 104 దేశాలు ఓటేశాయి. గ్రెనడా విషయంలో అమెరికా చర్యను గర్హించినవి 108. అయితే కలుపుకోలేదు కనుక చిన్న తప్పు అనడానికి లేదు. ఇరాక్‌లో ఆ యుద్ధం, దాని వెంట వచ్చిన హింస లక్షమందికి పైగా పౌరుల్ని పొట్టనపెట్టుకున్నాయి.

పటాన్ని మార్చే పాత పద్ధతికి రష్యా 2014లో క్రిమియాతో తిరిగి వచ్చింది. 2022లో మరో నాలుగు ఉక్రెయిన్ ప్రాంతాలను తనవని ప్రకటించింది. రెండుసార్లూ సైన్యం నీడలోనే ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. 1940 నాటి ఎన్నికలు గుర్తొస్తున్నాయి కదూ! 2022 విలీనం చెల్లదని 143 దేశాలు ఓటేశాయి. మన దేశం ఓటింగుకు దూరంగా ఉంది.

పాత లెక్కలు ఒప్పుకున్న సందర్భాలూ ఉన్నాయి. 1939 నాటి రహస్య పత్రాలు చెల్లవని 1989 డిసెంబరులో సోవియట్ ప్రజాప్రతినిధుల మహాసభ తీర్మానించింది. 1991లో ఆ మూడు దేశాలూ స్వతంత్రమయ్యాయి. 1993లో అమెరికా కాంగ్రెసు హవాయి స్థానికులకు క్షమాపణ చెబుతూ తీర్మానం చేసింది. దాని చివర మాత్రం, దీనివల్ల అమెరికా మీద ఉన్న ఏ దావా పరిష్కారమైనట్లు కాదని ఒక వాక్యం చేర్చారు. హవాయి 1959 నుంచి అమెరికాలో యాభయ్యో రాష్ట్రం.