4.6 కాలు కోల్పోయిన తరువాత: పునరావాసంలో తోటివారి పాత్ర

ఈ భాగం చదివిన తరువాత మీరు, కాలు కోల్పోయిన వ్యక్తి ఎదుర్కొనే సమస్యలను గుర్తించగలరు. తోటి అనుభవజ్ఞుల సహాయం ఎందుకు అవసరమో వివరించగలరు.

4.6.1 సమస్య స్వరూపం

కోనసీమలో, వృద్ధ గౌతమి ఒడ్డున ఉన్న మురమళ్ళలో ఒక కొబ్బరి దింపు కార్మికుడిని ఊహించుకోండి. మధుమేహం వల్ల అతని పాదంలో స్పర్శ తగ్గింది. గాయమైనా తెలియలేదు. పుండు ముదిరి మోకాలి కింద కాలు తీసేయవలసి వచ్చింది. ప్రాణం దక్కింది, చెట్టెక్కే పని పోయింది. గాయం సంగతి వైద్యుడు చూస్తాడు. 'కాలువ గట్టు మీద ఎలా నడవాలి? మరుగుదొడ్డికి ఎలా వెళ్ళాలి? ఇంట్లోవాళ్ళకు బరువైపోయానా?' అనే ప్రశ్నలు మాత్రం అతనిలోనే ఉండిపోతాయి. పునరావాసం వీటి దగ్గరే మొదలవుతుంది.

4.6.2 శరీరాన్ని సిద్ధం చేయడం

మిగిలిన కాలి భాగానికి వాపు తగ్గేవరకు క్రేప్ బ్యాండేజీ కడతారు. మోకాలి కింద దిండు పెట్టుకుంటే హాయిగానే ఉంటుంది. అయితే ఎక్కువకాలం అలాగే ఉంచితే కీలు వంగి బిగుసుకుపోతుంది. కృత్రిమ కాలుతో నడవడం కష్టమవుతుంది. లేని పాదంలో నొప్పి రావడం పిచ్చి కాదు. పాదం పోయినా, మెదడులో దానికి చెందిన భాగం పనిచేస్తూనే ఉంటుంది. ఈ నొప్పికి 1990లలో వి.ఎస్. రామచంద్రన్ అద్దం సాయంతో చేసే చికిత్సను ప్రతిపాదించారు. మిగిలిన రెండో పాదాన్ని రోజూ పరీక్షించుకోవడం మరువరాదు.

4.6.3 కృత్రిమ కాలు

పాశ్చాత్య నమూనా కాళ్ళకు బూటు తప్పనిసరి. వాటితో గొంతుక్కూర్చోవడం కష్టం. మన జీవనానికి సరిపడేలా 1968లో జైపూర్‌లో శిల్పి రామచంద్ర శర్మ, డాక్టర్ పి.కె. సేథీ రబ్బరు పాదాన్ని రూపొందించారు. చెప్పులు లేకుండా, తడి నేలలో కూడా దీనితో నడవవచ్చు. నిత్యకల్యాణానికి పేరుపొందిన మురమళ్ళ వీరేశ్వరస్వామి గుడిలోకైనా, వరిచేను గట్టు మీదికైనా వెళ్ళవలసిన మనిషికి ఇది చిన్న విషయం కాదు.

4.6.4 తోటివారి సహాయం

1981లో ప్రమాదానికి గురై కాలు కోల్పోయిన సుధా చంద్రన్, జైపూర్ కాలుతో మళ్ళీ నాట్యం చేశారు. తెలుగు చిత్రం 'మయూరి'లో తన కథలో తానే నటించారు. ఇటువంటి గాథ ధైర్యమిస్తుంది. అయితే దింపు కార్మికుడికి నాట్యం కంటే ముందు స్నానాల గది చేరడం కావాలి. ఆ కిటుకు పక్క ఊళ్ళో కాలు పోయి, మళ్ళీ పనిలోకి వెళ్తున్న మనిషి చెప్పగలడు. అతను వచ్చి తన కృత్రిమ కాలు విప్పి చూపిస్తే, వంద సలహాల కంటే ఎక్కువ నమ్మకం కలుగుతుంది. సహాయపడేవాడు ముందు వినాలి; 'నాకంటే నీది నయం' అనకూడదు; మందుల విషయం వైద్యుడికే వదలాలి. సదరం ధ్రువపత్రం వంటి పనులకు తోడు వెళ్ళాలి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి 2016 చట్టం ప్రభుత్వ ఉద్యోగాలలో 4 శాతం, ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలలో 5 శాతం రిజర్వేషన్ కల్పించిందని చెప్పాలి. ఇలా సహాయపడే మనిషికీ మేలే: తన నష్టం మరొకరికి దారి చూపే అనుభవంగా మారుతుంది.

సారాంశం

కృత్రిమ కాలు నిలబెడుతుంది. ఎటు నడవాలో ముందు నడిచినవారు చూపిస్తారు. రెండూ కలిస్తేనే పునరావాసం పూర్తవుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. జైపూర్ పాదం మన గ్రామీణ జీవనానికి ఎందుకు అనుకూలం?
2. మీ ఊరిలో ఇటీవల కాలు కోల్పోయిన వ్యక్తిని పరామర్శించడానికి ఎవరిని వెంట తీసుకువెళ్తారు? ఎందుకు?