కాన్పుకు ముందే బాలింతరాలి ఏర్పాట్లు

నెలలు నిండగానే ఆసుపత్రి సంచి అందరూ సర్దుకుంటారు. ఇంటికి వెళ్ళిన తరువాత ఆరు వారాలు ఎలా గడుస్తాయో ఆలోచించుకొని వచ్చేవారు మాత్రం తక్కువ. తొలి కాన్పు పుట్టింట జరగడం మన ఆనవాయితీ. కాని తాటిపాక, రాజోలు ప్రాంతాలలో కొన్ని ఇళ్ళలో అమ్మ గల్ఫులో ఉంటుంది, మరికొన్ని ఇళ్ళలో భర్త. అందుచేత ఏడవ నెలలోనే మేము అడిగేది ఇది: బాలింతకు తోడు ఎవరు? రాత్రిపూట బిడ్డను ఎత్తుకునేదెవరు? పిన్నిగారో, అత్తగారో, ఆడపడుచో, ముందే మాట్లాడి పెట్టుకోండి.

మైల మొదట ఎర్రగా ఉండి, క్రమంగా రంగు తగ్గి, నాలుగు నుండి ఆరు వారాలలో ఆగిపోతుంది. గంటకొక ప్యాడ్ తడిసిపోతున్నా, దుర్వాసన, జ్వరం, పిక్కలో వాపు, చూపు మసకబారే తలనొప్పి ఉన్నా తెల్లవారేదాకా ఆగవద్దు, 108కి ఫోను చేయండి. కాన్పు అయిన తరువాత కూడా ఫిట్స్ రావచ్చు. గాలి సోకిందని కాలయాపన చేయకూడదు.

పథ్యం గురించి ఒక మాట. కుట్లు చీము పడతాయని పప్పు మానిపిస్తారు, పొట్ట పెరుగుతుందని మంచినీళ్ళు తగ్గిస్తారు. రెండూ సరికాదు. పాలిచ్చే తల్లికి మామూలు కంటే ఎక్కువ ఆహారం, నీళ్ళు కావాలి. పెద్దలు పెట్టే వెల్లుల్లి, మునగాకు, మెత్తళ్ళు మేము వద్దనము, పెట్టండి. ఐరన్, కాల్షియం మాత్రలు ఆరు నెలలు వాడాలి. ఆపరేషన్ అయినవారు ఆరు వారాలు నీళ్ళ బిందె ఎత్తరాదు.

ఇక మనసు. మూడు నుండి ఐదు రోజుల మధ్య కారణం లేకుండా ఏడుపు రావడం మామూలే. హార్మోన్లు ఒక్కసారిగా పడిపోవడం, నిద్ర లేకపోవడం ఇందుకు కారణాలు. రెండు వారాలలో అదే తగ్గుతుంది. తగ్గకపోతే, బిడ్డ నిద్రపోయినా తనకు నిద్ర రాకపోతే, బిడ్డ మీద ఆశ లేకపోతే, చనిపోవాలనిపిస్తే అది జబ్బు. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి 2017లో ప్రచురించిన లెక్క ప్రకారం ఇది నూటికి 22 మంది తల్లులలో కనిపించింది. సోమరితనమనీ, విశ్వాసం చాలదనీ అనకండి. ఆడపిల్ల పుట్టిందని ముఖం మాడ్చుకునే ఇంట్లో ఇది మరింత ముదురుతుంది. విదేశంలో ఉన్న భర్త, బిడ్డను చూపించమని అడిగే ముందు "నిద్రపోయావా, అన్నం తిన్నావా" అని అడిగితే చాలా మేలు. పాలిస్తూనే వాడదగిన మందులున్నాయి.

ఎవరో మాట్లాడుతున్నట్లు వినిపిస్తోందన్నా, బిడ్డకు హాని చేసేలా మాట్లాడినా తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలక అదే రోజు తీసుకురండి. ఫోనులో సలహాకు 2022లో మొదలైన టెలీ మానస్ 14416 ఉంది. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.