అన్నీ దగ్గరే

ఎల్‌ఐజీ, ఎంఐజీ, హెచ్‌ఐజీ. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు (కేపీహెచ్‌బీ) కాలనీలో పాత ఇంటి నంబరు ముందు తరచూ వీటిలో ఒకటి కనిపిస్తుంది. తక్కువ, మధ్య, ఎక్కువ ఆదాయాలవారంటూ అప్పటి ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ బోర్డు జనాన్ని వరుసలు చేసి, ఇళ్లు కట్టి ఇచ్చింది. అంటే ఇంటాయన జీతమెంతో గేటు మీదే రాసిపెట్టినట్టు! ఇప్పుడు ఎల్‌ఐజీ నంబరున్న చోట నాలుగంతస్తులు లేచి ఉంటే నవ్వొస్తుంది.

ఆ పాత ఇళ్లకు ముందు కాస్త ఖాళీ, రెండు గదులు, వంటిల్లు, పెరట్లో జామచెట్టో కరివేపాకో, నేలలో నీళ్ల సంపు. రోజు విడిచి రోజు నీళ్లొచ్చే ఊళ్లో సంపు లేనిదే సంసారం నడవదు. వీలున్నవాళ్లు మెట్లు బయటినుంచే పెట్టించుకున్నారు, పెద్దాడి పెళ్లయితే పైన రెండు గదులు వేసుకోవచ్చని. వేశారు కూడా. అందులో ఉంటున్నది మాత్రం పెద్దాడు కాదు.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరుచుకుంది. ఆ మరుసటి ఏడాది రాష్ట్రంలో రైతుబజార్లు మొదలయ్యాయి. 2017 నవంబరులో మియాపూర్ నుంచి మెట్రో కదిలింది, కాలనీ పేరుతోనే ఒక స్టేషన్ వచ్చింది. కోచింగ్ సెంటర్లు, మాల్స్ సరేసరి. ఇవన్నీ కాలనీవాళ్లకోసమే వచ్చాయనుకుంటాం గానీ, ఒక్కో సదుపాయం వెంట మంచం అడిగే కుర్రాళ్లు గుంపులుగా వచ్చారు. పై గదులు హాస్టళ్లయ్యాయి, ఆ తర్వాత కింది గదులూ అయ్యాయి. ముగ్గురుండాల్సిన గదికి ఆరు మంచాలు, సంపు నిండేలోపే ఖాళీ, వారం తిరక్కుండా నీళ్ల ట్యాంకరు.

నన్నడిగితే ఈ పేటకు అసలు సదుపాయం మెట్రో కాదు, కర్రీ పాయింట్. ఇంట్లో కుక్కర్లో అన్నం పెట్టుకుని, సందు చివర పప్పు, వేపుడు, సాంబారు ప్యాకెట్లు కట్టించుకు రావడం. మొదట ఇది ఒంటరి కుర్రాళ్ల తిండి. ఇప్పుడు ఆ వరసలో రిటైరైన దంపతులూ నిలబడతారు. ఇద్దరికోసం మూడు కూరలెవరు వండుతారు చెప్పండి? వంటింటి పని సగం వీధిలోకి వెళ్లిపోయింది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు, పులుసులో ఉప్పు తప్ప.

‘పిల్లలు అమెరికాలో ఉన్నారండీ, మాకిద్దరికీ ఇంతిల్లు ఎందుకు? డెవలప్‌మెంట్‌కి ఇచ్చేద్దామనుకుంటున్నాం’ అనే మాట ఇక్కడ మామూలు. స్థలం వాళ్లది, కట్టుబడి బిల్డరుది, ఫ్లాట్లు చెరిసగమో ఒప్పందాన్నిబట్టో. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు లిఫ్టు వస్తుంది. జామచెట్టు పోయి సెల్లారొస్తుంది. పక్కింటి కిటికీ తెరిస్తే మనింట్లో టీవీ వాళ్లకు వినపడుతుంది. వాకిట్లో పిల్లలు ఆడుకోవడమనేది పార్కుకు మారింది. అక్కడ సాయంత్రం వాకింగ్‌కొచ్చే పెద్దలే ఎక్కువ.

మరి పిల్లలున్న కుటుంబాలు ఎటుపోతున్నాయి? నిజాంపేట దాటి బాచుపల్లి వైపు, కాస్త ఖాళీ స్థలం దొరికే చోటికి. అక్కడి వెంచర్ల బ్రోచర్లు చూడండి, సదుపాయాల కింద ‘కేపీహెచ్‌బీకి పదిహేను నిమిషాలు’ తరహా మాట ఉండాల్సిందే. సాయంత్రం ఏడింటికి ఆ పదిహేను నిమిషాలు ఎంతసేపో జేఎన్‌టీయూ కూడలిలో ఇరుక్కున్నవాళ్లనడగాలి.